ల్యాబ్‌లో పనిచేసేవారు జన్యువులకు హాని చేసే రసాయనాల నుంచి కాపాడుకోవడం ఎలా: మెట్టు మెట్టుగా

పైడిభీమవరం వైపు మందుల కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబుల్లో చేసే కుర్రాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లోని పాథాలజీ టెక్నీషియన్లు, డిగ్రీ కాలేజీల ల్యాబ్ అసిస్టెంట్లు. వీళ్లంతా అటు తిప్పి ఇటు తిప్పి నన్ను అడిగేది ఒక్కటే: "నా డీఎన్‌ఏ పాడైందో లేదో చెప్పే పరీక్ష ఎక్కడ చేస్తారండీ?"

మీ ఒక్కరికి జవాబు చెప్పగల పరీక్ష ఏదీ లేదు. ఎందుకు లేదో 9వ మెట్టులో చెబుతాను. అందాకా ఆ డబ్బు జేబులోనే ఉంచి, మీ పని బల్ల దగ్గర మొదలుపెట్టండి.

1. ఏది ఎవరికి ముప్పో విడదీసుకోండి

జన్యు హాని అనగానే అందరికీ పుట్టబోయే పిల్లలే గుర్తొస్తారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి.

- మీ ఒంటి కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం. ఇది పిల్లలకు పోదు. ఏళ్ల తరబడి పేరుకుంటే మీకే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.
- వీర్యకణాల్లో, అండాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం. తరువాతి తరానికి వెళ్లగలిగేది ఇదొక్కటే.
- కడుపులో ఉన్న బిడ్డ ఎదుగుదలకు హాని. ఇక్కడ జన్యువు మారకపోయినా బిడ్డకు నష్టం జరగొచ్చు.

రసాయనాల అంతర్జాతీయ వర్గీకరణలో, మనుషుల వీర్యకణాలకో అండాలకో హాని చేసినట్టు రుజువైన వాటి కోసం 1ఏ అనే వర్గం ఉంది. ఇప్పటిదాకా అది ఖాళీగానే ఉంది. జంతువుల మీద రుజువైనవి 1బీ వర్గంలోకి వెళ్తాయి. అందుకే "నీ పిల్లలకు తప్పకుండా వస్తుంది" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. క్యాన్సర్ సంగతి మాత్రం వేరు. దానికి మనుషుల్లోనే గట్టి రుజువులున్నాయి.

మన కణాలు రోజూ జరిగే దెబ్బల్లో చాలావాటిని వాటంతటవే బాగుచేసుకుంటాయి. రోజుకు కాస్త, ఏళ్ల తరబడి తగులుతూ ఉండటమే అసలు ఇబ్బంది.

2. మీ గదిలోని సీసాల జాబితా రాయండి

దీనికి ఒక పూట పడుతుంది. విసుగు పని. కానీ ఇది చేయకుండా మిగతావి చేయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది.

ఒక నోట్‌బుక్ తీసుకుని గీతలు కొట్టండి. సీసా పేరు, లేబుల్ మీద ప్రమాదం రకాన్ని చెప్పే హెచ్ అంకెలు, ఏ పనికి వాడతాం, వారానికి ఎన్నిసార్లు. ఈ నాలుగు చాలు.

చూడాల్సిన అంకెలు ఇవి:

- హెచ్ 340: జన్యు లోపాలు కలిగించవచ్చు. హెచ్ 341: కలిగిస్తుందన్న అనుమానం ఉంది.
- హెచ్ 350: క్యాన్సర్ కలిగించవచ్చు. హెచ్ 351: అనుమానం ఉంది.
- హెచ్ 360: సంతాన సామర్థ్యానికో, కడుపులో బిడ్డకో హాని చేయవచ్చు. హెచ్ 361: అనుమానం ఉంది.

మనిషి ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టు ఉండే బొమ్మ ఉంటే ఆ సీసాను ప్రత్యేకంగా చూడండి. లేబుల్ చెరిగిపోతే ఎంఎస్‌డీఎస్ (రసాయనంతో వచ్చే భద్రతా సమాచార పత్రం) తెరవండి. పదహారు భాగాలూ చదవనక్కర్లేదు. 2లో ప్రమాదం, 8లో గ్లౌజులు, మాస్కు, గాలి సంగతి, 11లో విషప్రభావం ఉంటాయి.

మన వైపు ల్యాబుల్లో నాకు మళ్లీ మళ్లీ కనబడేవి:

ఆసుపత్రి పాథాలజీ. ఫార్మలిన్. అంటే నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. ముక్కు వెనక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్‌కూ, లుకేమియాకూ దీనితో సంబంధం ఉంది. పక్కనే ఉండే జైలీన్ నరాలకు, తలకు ఇబ్బందే కానీ జన్యువుల జాబితాలో లేదు. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

క్యూసీ ల్యాబ్. అందరూ భయపడేది మందులను విశ్లేషించే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లో పోసే అసిటోనైట్రైల్, మెథనాల్ చూసి. అవి విషాలే, కానీ జన్యువులను దెబ్బతీసేవిగా పేరుపడలేదు. జీసీ అనే ఇంకో విశ్లేషణ మెషీన్‌లో శాంపిల్‌ను కరిగించడానికి వాడే డీఎంఎఫ్ అనే సాల్వెంట్‌కు హెచ్ 360 ఉంది. డైక్లోరోమీథేన్‌కు హెచ్ 351. బెంజీన్ స్టాండర్డ్ (పోల్చి చూడటానికి తెచ్చే శుద్ధ నమూనా) సీసా చిన్నదే అయినా హెచ్ 340, హెచ్ 350 రెండూ ఉంటాయి. 2018లో రక్తపోటు మందు వల్సార్టన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ బయటపడ్డాక, క్యాన్సర్ అనుమానం ఉన్న ఈ నైట్రోసమైన్ల పరీక్షలు పెరిగాయి. ఆ పరీక్షకు తెచ్చే స్టాండర్డ్ కూడా అదే పదార్థమని మరిచిపోతుంటారు.

నీటి పరీక్షలు, కాలేజీ ల్యాబులు. పొటాషియం డైక్రోమేట్. నీటి కాలుష్యం కొలిచే సీఓడీ పరీక్షలోనూ, ఇనుము టైట్రేషన్‌లోనూ ఇదే. నారింజ రంగులో ముచ్చటగా ఉంటుంది. హెచ్ 340, 350, 360 మూడూ ఉన్నది ఇదొక్కటే చాలాచోట్ల. దీన్ని నోటితో పిపెట్ చేసే పిల్లలను ఇప్పటికీ చూస్తున్నాను. పాత బీరువాలో బెంజిడిన్ (ఇదీ క్యాన్సర్ కలిగించేదే) సీసా ఉంటే తెరవకుండా హెచ్‌ఓడీకి రాసి ఇవ్వండి.

బయోటెక్ ల్యాబ్. జెల్‌లో డీఎన్‌ఏ కనబడటానికి వేసే ఎథిడియం బ్రోమైడ్ డీఎన్‌ఏ మెట్ల మధ్యలో దూరుతుంది కాబట్టే మెరుస్తుంది. అది మన డీఎన్‌ఏ అయినా దానికి ఒకటే. జెల్ పోయడానికి తూకం వేసే అక్రిలమైడ్ పొడి ఇంకా చెడ్డది.

జాబితా పూర్తయ్యాక హెచ్ 340, 350, 360 ఉన్నవాటికి ఎర్ర స్కెచ్‌తో చుక్క పెట్టండి. సీసా మీద కూడా. ఇకమీదట నేను ఎర్రచుక్క అంటే ఇవే. ఫార్మలిన్‌కు, డైక్లోరోమీథేన్‌కు, ఎథిడియం బ్రోమైడ్‌కు కూడా చుక్క పెట్టేయండి.

3. ఏ క్షణంలో ఒంట్లోకి పోతోందో పట్టుకోండి

ఒక రోజు మొత్తం మీ పనిని మీరే పరాయివాడిలా గమనించండి. మూత తెరిచేటప్పుడు, ఒక దానిలోంచి ఇంకో దానిలోకి ఒంపేటప్పుడు, పొడి తూకం వేసేటప్పుడు, వేస్ట్ క్యాన్ నింపేటప్పుడు ఎక్కువగా పోతుంది. మెషీన్ నడిచేటప్పుడు కాదు.

చేతి నుంచి నోటికి వెళ్లే దారిని ఎవరూ లెక్కచేయరు. గ్లౌజుతో ఫోన్ పట్టుకుంటారు, ఆ ఫోన్‌ను తర్వాత చెంపకు ఆనిస్తారు. గ్లౌజుతో పెన్ను పట్టుకుంటారు, ఆలోచిస్తూ పెన్ను చివర కొరుకుతారు. ఖైనీ నలిపే అలవాటున్న వాళ్ల సంగతి నేను చెప్పాలా?

వాసన రావట్లేదు కాబట్టి గాలి బాగుంది అనుకోకండి. ఫార్మలిన్ గదిలో పావుగంట ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. బయటినుంచి అప్పుడే వచ్చిన మనిషిని అడగండి. వాళ్లకు కళ్లు మండుతున్నాయంటే మీకూ మండాల్సిందే. గాలిలో ఫార్మాల్డిహైడ్‌కు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన ఎనిమిది గంటల సగటు పరిమితి 0.75 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 0.75 పాలు). చాలామందికి వాసన తెలిసేది సుమారు ఆ స్థాయి దగ్గరే.

4. మానేయగలిగింది మానేయండి

ఇది చిన్న మెట్టు, కానీ గ్లౌజుల కంటే ముందు రావాలి.

- అక్రిలమైడ్ పొడికి బదులు తయారుగా దొరికే ద్రావణం, వీలైతే తయారు జెల్ తెప్పించండి.
- ఎథిడియం బ్రోమైడ్‌కు బదులు తక్కువ హానికరమైన డీఎన్‌ఏ రంగులు దొరుకుతున్నాయి.
- గాజుసామాన్లు క్రోమిక్ యాసిడ్‌తో కడిగే పాత అలవాటు మానండి. ల్యాబ్ డిటర్జెంట్ సరిపోతుంది.
- ఫార్మలిన్ గాఢద్రావణాన్ని రోజూ కలపకుండా, 10 శాతం తయారుది కొనమని అడగండి.

ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల గ్రంథంలో) రాసిన పద్ధతిని మీ అంతట మీరు మార్చలేరు. అక్కడ 5, 6 మెట్ల మీదే ఆధారపడాలి.

5. హుడ్ నిజంగా లాగుతోందా చూడండి

నేను మొదట చేరిన చోట లామినార్ ఫ్లోలో ఫార్మలిన్ ఒంపేవాళ్లం. గాజు తలుపుంది, ఫ్యానుంది, ఇంకేం కావాలి అనుకునేవాళ్లం. లామినార్ ఫ్లో శాంపిల్‌ను దుమ్ము నుంచి కాపాడటానికి గాలిని లోపలి నుంచి మన ముఖం మీదకు కొడుతుంది. రెండేళ్లు ఆ ఆవిరిని ముఖాన కొట్టించుకున్నాక ఒక సర్వీస్ ఇంజినీర్ చెబితే గానీ తెలియలేదు. బయోసేఫ్టీ క్యాబినెట్ కూడా మామూలుగా ఆవిర్లకు పనికిరాదు, చాలా రకాలు గాలిని వడకట్టి గదిలోకే వదులుతాయి. కావలసింది గాలిని గొట్టం గుండా బయటికి పంపే ఫ్యూమ్ హుడ్.

రోజూ పొద్దున చేయాల్సిన పరీక్ష:

1. హుడ్ ఆన్ చేసి అయిదు నిమిషాలు ఆగండి.
2. గాజు తలుపును గుర్తు ఉన్న ఎత్తు వరకే, సుమారు 45 సెంటీమీటర్లు, తెరవండి.
3. సన్నని టిష్యూ ముక్కను తెరిచిన అంచు దగ్గర వేలాడదీయండి. లోపలికి వంగాలి.
4. వంగకపోతే, వణికితే, ఆ రోజు ఎర్రచుక్క సీసా తెరవకండి. రిజిస్టర్‌లో రాయండి.

ఏడాదికోసారైనా గాలి వేగం కొలిపించాలి. సెకనుకు అర మీటరు దగ్గరగా ఉండాలి.

మామూలుగా జరిగే తప్పులు, వాటికి మందు:

- మే నెల ఉక్కకు తట్టుకోలేక హుడ్ ముందు పెడెస్టల్ ఫ్యాన్ పెడతారు. ఆ గాలి హుడ్‌లోని ఆవిరిని బయటికి లాగేస్తుంది. ఫ్యాన్‌ను వీపు వెనక్కి కాదు, గది ఆ మూలకు మార్చండి.
- హుడ్‌ను స్టోర్‌రూమ్ చేసి సీసాలు పేర్చుతారు. గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆ రోజు పనికి కావలసినవే ఉంచండి.
- అంచు మీదే పనిచేస్తారు. ఒక జానెడు లోపలికి జరపండి.
- కరెంటు పోతుంది. లైటు జనరేటర్ మీద వెలుగుతుంది కానీ హుడ్ మోటారుకు ఆ లైను ఉండదు. మీ చోట ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. లేకపోతే కరెంటు పోగానే మూతలు పెట్టి, తలుపు దించి, బయటికి రావడమే.

6. గ్లౌజు, మాస్కు, ఏప్రాన్

1996 ఆగస్టులో అమెరికాలో కేరెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త లేటెక్స్ గ్లౌజు మీద కొన్ని చుక్కల డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస విషం పడితే, మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయారు. ఆమె గ్లౌజు వేసుకునే ఉన్నారు. గ్లౌజు ఉందా అని కాకుండా, ఈ సీసాకు ఈ గ్లౌజు ఆగుతుందా అని అడగాలి.

- ఫార్మలిన్, అక్రిలమైడ్ ద్రావణం, డైక్రోమేట్, ఎథిడియం బ్రోమైడ్: నైట్రైల్ రబ్బరు గ్లౌజు ఆగుతుంది. పడితే మార్చండి.
- డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్: పలచటి నైట్రైల్ రెండు మూడు నిమిషాలు కూడా ఆగదు. రెండు జతలు వేసుకుని, చుక్క పడగానే పైది తీసేయండి. ఎక్కువ సేపు పనైతే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) గ్లౌజు లేదా పొరల గ్లౌజు అడగండి.
- డీఎంఎఫ్: బ్యూటైల్ రబ్బరు.

మన ఉక్కలో చెయ్యి చెమటకు నాని, గ్లౌజు తీసి గాలి పోసుకుని మళ్లీ అదే తొడుక్కుంటారు. తీసింది చెత్తలోకే పోవాలి. గంటకో జత అవుతుందని స్టోర్స్‌లో సణుగుతారు. సణగనివ్వండి.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఇవేవీ ఆవిరిని ఆపవు. ఎన్95 పొడి తూకానికి పనికొస్తుంది. ఆవిరికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, ఫార్మాల్డిహైడ్‌కైతే దానికి పనికొచ్చేదని రాసి ఉన్న కార్ట్రిడ్జే.

ఏప్రాన్‌ను ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకండి. ల్యాబ్‌లోనే ఉతికించే ఏర్పాటు అడగండి. కుదరకపోతే విడి కవర్‌లో తెచ్చి, విడి బకెట్‌లో ఉతకండి.

7. రోజు పని ఏ వరసలో

1. క్యారేజీ, నీళ్ల సీసా ల్యాబ్ గుమ్మం బయటే. ఫ్రిజ్‌లో రీఏజెంట్ల పక్కన పెరుగు డబ్బా పెట్టే వాళ్లకు నా దగ్గర మర్యాద మాటలు లేవు.
2. హుడ్ పరీక్ష, కళ్లు కడిగే నల్లా తిప్పి చూడటం.
3. ఎర్రచుక్క పనులన్నీ ఒకే విడతలో. పొద్దున కాస్త, సాయంత్రం కాస్త అంటే రెండుసార్లు తగిలినట్టు.
4. ఆ పనికి కావలసినవన్నీ ముందే పక్కన పెట్టుకోండి. మధ్యలో బీరువా తలుపు, పెన్ను ముట్టుకునే అవసరం రాకూడదు.
5. పని అయ్యాక మూతలు, బల్ల తుడవడం, గ్లౌజు తిరగేసి తీయడం, సబ్బుతో మోచేతుల దాకా కడగడం. శానిటైజర్ సరిపోదు.
6. ఆ తర్వాతే ఫోన్.

వేస్ట్ క్యాన్‌లో మాత్రం జాగ్రత్త. నైట్రైట్ ఉన్న ద్రావణాన్ని డైఇథైల్ అమీన్ లాంటి సెకండరీ అమీన్లతో కలిపి ఆమ్లం పోస్తే, మీరు స్టాండర్డ్‌గా కొనే నైట్రోసమైనే క్యాన్‌లో తయారవుతుంది. ఫార్మలిన్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒకే అలమరలో పెట్టకండి. ఆ ఆవిర్లు కలిస్తే బిస్‌క్లోరోమిథైల్ ఈథర్ అనే గ్రూప్ 1 పదార్థం పుట్టే వీలుంది.

8. ఒలికినా, ఒంటిమీద పడినా

- ఒంటిమీద: తడిసిన బట్ట తీసేసి పదిహేను నిమిషాలు పారే నీళ్లు. సిగ్గుపడితే కాలుతుంది.
- కంట్లో: రెప్పలు తెరిచి పట్టి పదిహేను నిమిషాలు. తర్వాత ఆసుపత్రికి, ఎంఎస్‌డీఎస్ కాగితంతో.
- నేల మీద ఫార్మలిన్ ఎక్కువగా: బయటికి వచ్చేసి తలుపు మూయండి. తుడవడానికి ఎగబడకండి.
- ఎథిడియం బ్రోమైడ్ మీద బ్లీచింగ్ పోయకండి, కొత్త హానికర పదార్థాలు పుట్టొచ్చు. కాగితంతో అద్ది, కవర్‌లో కట్టి, మచ్చ పోయిందో లేదో యూవీ లైటుతో చూడండి.
- ఎవరైనా పడిపోతే 108.

పాలు తాగితే, బెల్లం ముక్క తింటే కెమికల్ కడుక్కుపోతుందని కొన్ని చోట్ల సూపర్‌వైజర్లే పంచుతారు. తినండి, తప్పులేదు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వెళ్లిన ఆవిరిని బెల్లం బయటికి తీసుకురాదు.

9. పరీక్షలు: ఏవి చేయించాలి, ఏవి వద్దు

మైక్రోన్యూక్లియస్, కామెట్ అనే పరీక్షలు కణాల్లో డీఎన్‌ఏ దెబ్బలను లెక్కపెడతాయి. పరిశోధకులు యాభై మంది ల్యాబ్ మనుషులను, యాభై మంది ఇతరులను పోల్చడానికి ఇవి పనికొస్తాయి. ఒక్క మనిషి అంకె చూసి "నీకు జబ్బు వస్తుంది" అని గానీ "రాదు" అని గానీ ఎవరూ చెప్పలేరు. వయసు, సిగరెట్, ఈమధ్య తీయించుకున్న ఎక్స్‌రే కూడా ఆ అంకెను మార్చగలవు. వంశపారంపర్య జబ్బుల కోసం అమ్మే జీన్ టెస్ట్ ప్యాకేజీలకూ ఈ విషయానికీ సంబంధమే లేదు.

చేయించాల్సినవి:

- ఉద్యోగంలో చేరిన నెలలోనే ఒకసారి, తర్వాత ఏటా: పూర్తి రక్త పరీక్ష. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు. బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీస్తే మొదట ఇక్కడే తెలుస్తుంది.
- డీఎంఎఫ్, క్లోరోఫామ్ వాడేవాళ్లకు లివర్ పరీక్ష.
- కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష. ముఖ్యంగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు చేరినప్పుడే చేయించుకుని కాగితం దాచుకోండి. రేపు తేడా వస్తే ముందునుంచీ ఉందా, తర్వాత వచ్చిందా అనేది తేల్చడానికి అదే ఆధారం.
- బెంజీన్, డీఎంఎఫ్ ఎంత ఒంట్లోకి వెళ్లాయో మూత్రంలో చూడొచ్చు. శాంపిల్ షిఫ్ట్ చివర ఇవ్వాలి. సెలవు మర్నాడు పొద్దున ఇస్తే తక్కువే చూపిస్తుంది.

ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దు, హమ్మయ్య అనుకోనూ వద్దు. అన్నీ ఒకే కాగితం మీద ఏడాది వరసలో రాయండి. నార్మల్ లోపలే ఉన్నా, ఏటా తగ్గుతూ వస్తుంటే డాక్టరుకు చూపించండి. మీ 2వ మెట్టు జాబితా కూడా పట్టుకెళ్లండి. ఏ రసాయనాలో చెప్పకపోతే డాక్టరు మాత్రం ఏం ఊహిస్తారు?

10. పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు

ఆడవాళ్లకు: నెల తప్పిన సంగతి తెలిసేసరికే బిడ్డ అవయవాలు ఏర్పడటం మొదలై ఉంటుంది. అందుకే కడుపు పండాక కాదు, అనుకున్నప్పుడే ఎర్రచుక్క పని నుంచి మార్చమని అడగండి. హెచ్ 360 ఉన్నవాటికి ఇది మరీ ముఖ్యం. పాలిచ్చే తల్లులు సాల్వెంట్లకు దూరంగా ఉండాలి, కొన్ని పాలలోకి వెళ్తాయి.

మగవాళ్లకు: వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు. కాబట్టి మూడు నెలల ముందు నుంచే జాగ్రత్త. ఈ మాట చెబితే "అది ఆడోళ్ల గొడవ కదా" అని నవ్వుతారు. కాదు.

వరసగా గర్భస్రావాలైతే కోడలి జాతకం చూపించే ముందు, దంపతులిద్దరూ జాబితాతో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. కారణం రసాయనమే అనుకోవద్దు, చాలా వేరే కారణాలుంటాయి. చెప్పకుండా మాత్రం దాచొద్దు.

11. యాజమాన్యాన్ని అడగడం, కాగితాలు దాచడం

సీనియర్లు అనే మాట ఒకటుంది: "ఇరవయ్యేళ్లుగా చేస్తన్నాం, మాకేటయ్యింది?" వాళ్లతో వాదన పెట్టుకోకండి. జబ్బు చేసినవాళ్లు ఇప్పుడు ల్యాబ్‌లో ఉండరు కదా, లెక్కలోకి ఎలా వస్తారు?

ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో ప్రమాదాల సమాచారం కార్మికులకు చెప్పాలని, పన్నెండు నెలలకు మించకుండా వైద్య పరీక్ష చేయించి ఆ రికార్డు చూపించాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 41బీ, 41సీ సెక్షన్లు చెప్పాయి. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది. కాలేజీ ల్యాబ్ ఫ్యాక్టరీ కాదు కాబట్టి అక్కడ ప్రిన్సిపాల్‌నే అడగాలి.

నోటితో అడిగితే గాలికి పోతుంది. ఇలా రాయండి:

"అయ్యా, మా విభాగంలో వాడుతున్న ఈ కింది రసాయనాలకు హెచ్ 340, హెచ్ 350, హెచ్ 360 హెచ్చరికలు ఉన్నాయి. వీటి ఎంఎస్‌డీఎస్ ప్రతులు, ఫ్యూమ్ హుడ్ చివరిసారి పరీక్షించిన రిపోర్టు, నా వార్షిక వైద్య పరీక్ష ప్రతి ఇప్పించగలరు."

ఫిర్యాదు మాట ఒక్కటీ లేదు, గమనించారా? సంతకం చేసి, తేదీ వేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నలుగురు కలిసి ఇస్తే మరీ మంచిది.

రసాయనాల వల్ల వచ్చే క్యాన్సర్ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కంపెనీ పేరు మారొచ్చు, కాంట్రాక్టరు కనబడకపోవచ్చు. ఇంట్లో ఒక ఫైల్ పెట్టి ఇవి దాచండి:

- అపాయింట్‌మెంట్ లెటర్ లేదా కాంట్రాక్టు గేట్ పాస్ నకలు, జీతం స్లిప్పులు
- ఈఎస్ఐ కార్డు. నెల జీతం 21,000 దాటి ఈఎస్ఐ ఆగిపోయినా పాతది పారేయకండి
- ఏ ఏడాది ఏ విభాగం, ఏ ఎర్రచుక్క రసాయనాలు
- ఒలికిన, ఒంటిమీద పడిన సంఘటనల తేదీలు, అప్పుడు పక్కన ఎవరున్నారు
- రక్త పరీక్షల రిపోర్టులన్నీ, మొదటి దానితో సహా

థర్మల్ కాగితం మీద ఇచ్చే స్లిప్పులు రెండేళ్లలో తెల్లబడిపోతాయి. వాటిని ముందే జిరాక్స్ తీయించండి.